కాగితాల్లో కారు

"మీకు కారుందండి. అందుకే అనర్హులని చూపిస్తోంది," అంది గ్రామ సచివాలయంలో వెల్ఫేర్ అసిస్టెంటు దుర్గాశ్రీ, కంప్యూటర్ మీంచి కళ్ళు తిప్పకుండా.

రెబెకాకి నవ్వొచ్చింది. పొద్దున్నే అత్తగారికి జావ కాచి, మొగుడికి క్యారేజీ కట్టి, నాలుగు జాకెట్లకు హుక్కులు కుట్టి, కూతురి ఫీజు దరఖాస్తు ఏమైందో కనుక్కుందామని ఎండలో నడిచొచ్చిన మనిషికి కారట.

"మాకు మోటారు సైకిలొక్కటేనమ్మా. ఇంకెవరిదో మా మీద పడుంటది, సరిగ్గా చూడు."

"చూసేనండి. మీ ఆయన శ్యామ్ బాబుగారి ఆధార్ మీదే ఉంది. తెల్ల కారు, కొని రెండేళ్ళయింది. ఇంట్లో కారుంటే గవర్నమెంటిచ్చే ఫీజు డబ్బులు రావండి. ఇరవయ్యో తారీఖులోగా పేరు మార్పించి ఆ కాగితం తెస్తే మళ్ళీ పంపుతాను. అది దాటితే ఈ ఏడాదికి నా చేతుల్లో ఏమీ ఉండదండి."

తెల్ల కారు అనగానే రెబెకా నవ్వు ఆగిపోయింది.

ఆ కారు ఆమెకు బాగా తెలుసు. అది మరిది ప్రేమ్ కుమార్‌ది. రొయ్యల మేత వ్యాపారం కలిసొచ్చి కొత్తపేటలో మేడ కట్టాక కొన్నాడు. కొన్న వారమే ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టాడు. పాస్టరుగారు బానెట్ మీద చెయ్యి వేసి ప్రార్థన చేస్తున్నప్పుడు రెబెకా పెరట్లో పొయ్యి దగ్గరుంది. అరవై మందికి చేపల పులుసు, కోడి వేపుడు ఆమే వండింది. "మా వదిన చెయ్యి పడితేగాని రుచి రాదండి" అని మరిది అందరి ముందూ మెచ్చుకున్నాడు. జీతం లేకుండా పని చేయించుకోవాలంటే మెచ్చుకోవడం కంటే మంచి ఉపాయం లేదు. సాయంత్రం వాళ్ళంతా కారెక్కి ఓడలరేవు సముద్రానికి బయల్దేరితే కూతురు ఏంజెల్ కూడా పరుగెత్తింది. "జాగా లేదమ్మా, ఈసారెళ్దువుగాని" అన్నాడు చిన్నాన్న. తల్లీ కూతురూ అంట్లు తోముతూ ఉండిపోయారు.

ఇంటికి నడుస్తుంటే ఒక్కొక్కటే అర్థమైంది. ప్రేమ్ కుమార్ కొడుకు వినయ్ ఇంజనీరింగు మూడో ఏడు. కారున్న తండ్రి కొడుక్కి ఏటా ఫీజు సాయం ఎలా వస్తోందో తనెప్పుడూ ఆలోచించలేదు. సొమ్మొకడిది సోకొకడిది అంటారు. ఇక్కడ సొమ్మూ సోకూ రెండూ తమ్ముడివే, అన్నగారిది ఉత్త పేరు. ఆ పేరు అక్కడ వినయ్ చదువును నిలబెట్టి, ఇక్కడ ఏంజెల్ చదువును కూలదోస్తోంది. అమలాపురంలో ఫార్మసీ సీటు, పిల్ల రెండేళ్ళు నిద్ర మానుకుని తెచ్చుకున్నది. రెబెకాకి ఒళ్ళు మండిపోయింది. పచ్చడిలో ఉప్పు తగ్గితే పది మందిలో చెప్పే మొగుడు, రెండేళ్ళపాటు ఇంత సంగతి ఎలా దాచాడు?

రావులపాలెం అరటి మార్కెట్లో గుమస్తా పని ముగించుకుని సాయంత్రం వచ్చిన శ్యామ్ బాబు అబద్ధమేమీ ఆడలేదు.

"తమ్ముడడిగేడు. పెద్దోణ్ణి, కాదంటానా? నీకు చెప్తే గొడవ చేస్తావని చెప్పలేదు."

"మరిప్పుడు వాళ్ళ పేరుకి మార్చుకోమనండి."

"వినయ్‌కి ఆగిపోద్ది కదా. నేనడగలేను. ఏంజెల్‌ని ఇక్కడే ఏదో డిగ్రీలో చేర్పిద్దాం. ఆడపిల్లకి ఏ చదువైతే ఏంటి?"

మంచం మీంచి అత్తగారు జయమ్మ అందుకుంది. "కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుద్దే అమ్మాయ్. అన్నదమ్ముల మధ్యలోకి నువ్వు రాకు."

ఇరవయ్యేళ్ళుగా రెబెకా ఎవరి మధ్యలోకీ రాలేదు. ఇప్పుడూ ఊరుకునేదేమో. గుమ్మంలో నిలబడి అంతా విన్న ఏంజెల్ "పర్లేదులేమ్మా" అంది. ఆ మాట రెబెకాదే. పెళ్ళి కుదిరిందని టీచర్ ట్రైనింగు మానిపించినప్పుడు మొదటిసారి అంది. పురిటికి పుట్టింటికి పంపనప్పుడు అంది, కుట్టు మిషను కొనుక్కుందామని దాచుకున్న డబ్బు ఆడపడుచు పెళ్ళికి తీసేసుకున్నప్పుడూ అంది. అని అని, తనకది బాధగా కూడా అనిపించడం మానేసింది. ఆ మాటే పద్దెనిమిదేళ్ళ పిల్ల నోట అంత తేలిగ్గా వస్తే భయం వేసింది. ఎన్నడూ వెయ్యనంత భయం.

మర్నాడు ఆన్‌లైన్ సెంటరుకెళ్ళి పేరు మార్పు ఫారాలు తెచ్చింది. మొగుడికి అన్నం వడ్డించి కంచం పక్కన పెట్టింది.

"అడగలేనని చెప్పేను కదా."

"మీరడక్కండి. సంతకం పెట్టండి చాలు. అడిగేది నేను."

శ్యామ్ బాబు ఆమె మొహంలోకి చూసి, ఎడంచేత్తో కాగితం పట్టుకుని, కుడిచెయ్యి కడుక్కొచ్చి మూడు చోట్లా సంతకం పెట్టాడు. తర్వాత బరువు దిగినవాడిలా మజ్జిగ పోసుకున్నాడు.

సోమవారం పొద్దున్న రెబెకా కొత్తపేట చేరేసరికి ప్రేమ్ కుమార్ కాకినాడ ప్రయాణానికి కారు స్టార్టు చేస్తున్నాడు.

"వందనాలు వదినా. అన్నయ్య బాగున్నాడా?"

"ఆయ్, బాగున్నారు," అంటూ ముందు తలుపు తీసుకుని మరిది పక్క సీట్లో కూర్చుంది. ఏంజెల్ ఫీజు ఎందుకు ఆగిందో, ఎన్నో తారీఖు గడువో నిదానంగా చెప్పి, సంతకాలున్న కాగితాలు చేతికిచ్చింది.

ప్రేమ్ కుమార్ మొహం ముడుచుకుంది. "వినయ్ సంగతి ఆలోచించేరా వదినా? వాడి ఫీజు ఆగిపోద్ది."

"కారు కొనగలిగిన తండ్రున్నాడు బాబూ వాడికి."

"సర్లెండి, అన్నయ్యతో తర్వాత మాట్లాడతాను. దిగండి, నాకు ఆలస్యమవుతోంది."

రెబెకా సీటు బెల్టు లాగింది. ఎలా పెట్టాలో తెలీక రెండుసార్లు తడబడింది, మూడోసారికి పడింది.

"అమలాపురం ఆర్టీవో ఆఫీసుకి పోనివ్వండి. మీ సంతకాలు కూడా అయిపోతే అక్కడ నేను దిగిపోతాను, కారు మీదవుద్ది. అది కుదరదంటే మా ఇంటికి పోనివ్వండి, కాగితాల్లో మాదే కదా. అక్కడైతే దిగేది మీరండి."