మామిడిపండు అంగీలు

కొలంబియాలోని బారాంకియా ఊళ్ళో పిల్లల కార్నివాల్ ఊరేగింపు మొదలైపోయింది. నికోలాసా బెర్దూగో తన డాన్సు జట్టును వరసలో నిలబెట్టి ఒక్కొక్కరి బొత్తాలూ సరిచేస్తోంది. ఏడాదంతా ఎండలో కాళ్ళరిగేలా నేర్పించిన జట్టు అది. అంగీలు మాత్రం ఈ-సిగరెట్ల కంపెనీవాళ్ళు కుట్టించి ఇచ్చారు. ఊరికే వస్తే కాదనేవాళ్ళెవరు, మీరే చెప్పండి! వీపు మీద నవ్వే మామిడిపండు, దాని నోట్లోంచి తెల్లటి పొగమబ్బు. కంపెనీ పేరు మాత్రం ఎక్కడా లేదు.

కూతురు యూలెయిసి అంగీ సర్దుతుంటే జేబులో ఏదో గట్టిగా తగిలింది. తీసి చూస్తే వేలెడంత పసుపు ఈ-సిగరెట్ గొట్టం. దాని మీదా అదే మామిడిపండు, అదే నవ్వు.

"ఎక్కడిదే ఇది?"

"ఫాబ్రీసియో అన్న ఇచ్చాడమ్మా. మామిడి వాసనొస్తుంది, అంతే."

"అంతేనా? ఇన్నాళ్ళూ దగ్గుతుంటే దుమ్ము పడలేదన్నావు కదే!"

పిల్ల తల దించుకుంది.

కంపెనీ మనిషి ఫాబ్రీసియో ఫోటోగ్రాఫర్ని వెంటేసుకుని అక్కడే తిరుగుతున్నాడు. నికోలాసా వెళ్ళి వాడి ముఖం ముందు గొట్టం ఆడించింది.

"పదమూడేళ్ళ పిల్లకి ఇస్తావా ఇది? సిగ్గుందా నీకు? పిల్లల దగ్గర వీటి ప్రచారం చెయ్యకూడదని చట్టం వచ్చింది, తెలీదా?"

"కోపమెందుకు నికోలాసా గారూ! చట్టం కంపెనీ పేరు రాయొద్దంది, రాయలేదు. పండు బొమ్మ వెయ్యొద్దని ఎక్కడుందో చూపించండి." నవ్వాడు. ఒళ్ళు మండిపోయే నవ్వు. "కావాలంటే అంగీలు ఇప్పుడే విప్పించండి, పట్టుకుపోతా. వేషం లేని జట్టుని ఊరేగింపులోకి రానివ్వరు మరి. మీ ఇష్టం."

ముందున్న జట్టు కదిలింది. తర్వాత వీళ్ళే. వీధికి రెండు వైపులా తల్లులు అప్పుడే చప్పట్లు మొదలుపెట్టారు. నికోలాసా అటు చూసింది. ఇప్పుడు విప్పిస్తే ఆ తల్లులకి ఏం మొహం చూపించాలి? విప్పించకపోతే ఆ దరిద్రాన్ని పిల్లల వీపుల మీద పెట్టి ఊరంతా తిప్పేది తనే కదా!

"విప్పండర్రా," అంది. "జేబుల్లో ఉన్నవి కూడా ఇచ్చెయ్యండి. ఎవర్నీ తిట్టను."

పిల్లలు గొల్లుమన్నారు. అయినా విప్పి లోపలి బనీన్లతో నిలబడ్డారు. గొట్టాలు చేతుల్లో పట్టక ఆమె గౌను ఒడి పట్టింది. ఇన్నా!

"ఎవరు పంచారర్రా ఇవన్నీ?"

అందరూ యూలెయిసి వైపు చూశారు.

"పంచితే నన్ను మధ్యలో నిలబెట్టి ఫోటో తీయిస్తానన్నాడమ్మా," అంటూ కూతురు భోరుమంది. నికోలాసా చెయ్యెత్తింది గానీ కొట్టలేకపోయింది.

జట్టులో అందరికంటే చిన్నది మారెల్విస్. ఎనిమిదేళ్ళది. అంగీ విప్పింది గానీ గుప్పిట విప్పలేదు.

"ఇవ్వమ్మా, బంగారం కదూ."

"అంగీ తీసేసుకో టీచరమ్మా. డాన్సు కూడా వద్దు." పిల్ల గుప్పిటని గుండెకి అదుముకుంది. "ఇది మాత్రం తీసుకోకు. ఇది లేకపోతే నాకు నిద్ర పట్టదు."

మైకులో వాళ్ళ జట్టు పేరు పిలిచారు. మళ్ళీ పిలిచారు. నికోలాసా ఆ పిల్ల ముందు నేల మీద చతికిలబడిపోయింది.