నీటిబొట్టు మీద వంగిన కన్ను

నేను ఒక సూక్ష్మదర్శినిని. ఇత్తడి గొట్టం, గాజు కళ్ళు, కిటికీ వెలుగును ఒడిసిపట్టే చిన్న అద్దం, ఇంతే నా ఒళ్ళు. అంబాలాలో ఒక పనివాడు నా కటకాన్ని అరగదీసి, తుడిచి, కింద ఈగ రెక్క పెట్టి చూసి తనలో తాను నవ్వుకున్నాడు. తర్వాత ఊకలో పడుకుని, రైలు ఊపుకి నిద్రపోయి, నరసాపురంలో ఆడపిల్లల కాలేజీలో మేలుకున్నాను.

అక్కడ నన్ను చేరదీసింది జంతుశాస్త్రం చెప్పే కృపావతి మేడమ్. కాలవ నీళ్ళు తెచ్చి, వాటిలో ఎండుగడ్డి నానేసి కొన్నాళ్ళు ఉంచేది. ఆ వాసనకి మిగతా మేడమ్‌లు ముక్కు మూసుకునేవారు. ఆమె మాత్రం ఒక్క బొట్టు తీసి గాజుపలక మీద వేసి నా కింద పెట్టేది. అప్పుడు మేమిద్దరం అందులోకి దిగిపోయేవాళ్ళం. అదొక వెలుగు సముద్రం. ఒకే ఒక్క కణంతో బతికేసే పారమీషియాలు చెప్పు ఆకారంలో, ఒంటినిండా నూగు ఆడిస్తూ, గింగిరాలు తిరుగుతూ ఈదేవి. వాటికి కళ్ళు లేవు, మెదడు లేదు. దేనికైనా తగిలితే కాస్త వెనక్కి తగ్గి, దారి మార్చుకుని పోయేవి. మనుషులు ఆ పని అంత తేలిగ్గా చేయడం నేను చూడలేదు.

పిల్లలు నాలోకి తొంగి చూడకుండానే పుస్తకంలో బొమ్మ దించేసేవారు. "పుస్తకానికి కనబడింది కాదమ్మా, నీకు కనబడింది గియ్యి," అనేది మేడమ్.

కొన్నేళ్ళకి ఆమె కళ్ళకు, చూపును మెల్లగా తినేసే నీటికాసుల జబ్బు వచ్చింది. ఆ సంగతి ముందు నాకే తెలిసింది. నా పక్కనున్న మర తిప్పుతూ, బొమ్మ స్పష్టంగా ఉన్న చోటు దాటిపోయి ఇంకా తిప్పేది. ఎవరికీ చెప్పలేదు. ఆ బొట్టు తనకు దూరమైపోతుందని భయం.

ఒకరోజు క్లాసులో షమీమ్ అనే అమ్మాయి పిలిచింది. "మేడమ్, ఇదేదో వింతగా ఉంది. కాస్త చూడరా?"

మేడమ్ నా మీదకి వంగింది. చాలాసేపు అలాగే ఉండిపోయింది. ఏదో ఒకటి చెప్పేసి తప్పుకోవచ్చు. కానీ తల ఎత్తి, "నాకు పొగమంచు తప్ప ఏమీ కనబడట్లేదమ్మా. నువ్వు చూసి చెప్పు," అంది.

షమీమ్ మళ్ళీ నా మీదకి వంగింది. "పారమీషియం ఒకటే ఉంది మేడమ్. నడుం దగ్గర నొక్కినట్టుంది."

"సన్నబడుతోందా?"

"అవును. ఇంకా... దారంలా అయింది. అయ్యో, తెగింది! రెండూ చెరోవైపు వెళ్ళిపోతున్నాయి. ఇందులో తల్లేది మేడమ్, పిల్లేది?"

"అలా ఉండదమ్మా. తల్లే రెండైంది."

ఆ రోజు తర్వాత ఆమె దాచలేదు. పిల్లలు చూసి చెబితే వింటూ పాఠం నడిపింది. పుస్తకంలోంచి బొమ్మ దించడం దానంతట అదే ఆగిపోయింది.

ఆమె రిటైరయ్యేనాటికి కాలేజీకి బొమ్మను తెర మీద చూపే కొత్త సూక్ష్మదర్శినులు వచ్చాయి. శాలువాతో పాటు నన్నూ ఆమెకు ఇచ్చేశారు. ఇంట్లో ఆమె చెల్లెలు దయామణి నన్నూ, నా పక్కన గడ్డి నానేసిన సీసానూ చూసి, "ఈ కుళ్ళు నీళ్ళు వంటింటి పక్కనెందుకే అక్కా?" అని గొణిగింది. వారం తిరక్కుండానే పొద్దున్నే నా ముందు కూర్చోవడం మరిగింది.

ఇవాళ పొద్దున సణిగింది. "అక్కా, ఈ బొట్టులో ఏమీ లేదే."

"కదిలేదాని కోసం వెతక్కు దయా. మెల్లగా పారేదాని కోసం చూడు. అమీబా ఈదదు, పారుతుంది."

దయామణి కనురెప్ప నా గాజుకి తగులుతోంది. ఊపిరి బిగబట్టింది.

"గాజు మీది మరక అనుకున్నానే... చెయ్యి చాస్తోంది!"

"ఎటు?"

"ఇటే అక్కా. మన వైపే."

కృపావతి మేడమ్ కళ్ళు మూసుకుంది. వంటింట్లో పాలు పొంగిన వాసన వస్తోంది. ఇద్దరిలో ఒక్కరూ లేవలేదు.