ముప్ఫై ఏడు అంగుళాలు

"ఆ గట్టు నీ కోసమే కట్టించినట్టుందమ్మా!" అన్నారు మామగారు శ్రీరామచంద్రమూర్తి, కాఫీ గ్లాసు అందుకుంటూ.

శ్రీకళ కాపురానికి వచ్చిన మూడో రోజు అది. వంటింట్లో స్టవ్ గట్టు ముందు నిలబడి పాలు చూస్తోంది. ఆ మాటకి పాలకంటే ముందు ఆమె మనసే పొంగింది. అయిదడుగుల ఏడంగుళాల పిల్ల. "దీనికి నిచ్చెనేసి తాళి కట్టాలి" అని పుట్టింట్లో నవ్వినవాళ్ళే గానీ, ఆ పొడుగుకి ఈ లోకంలో ఏదో ఒకటి అమరిందని మెచ్చుకున్నవాళ్ళు లేరు. అందుకని ఆ మధ్యాహ్నం ఎవరూ చూడకుండా బ్యాగులోంచి టేపు తీసి గట్టు కొలిచింది. ముప్ఫై ఏడు అంగుళాలు. తనకి సరిపోయిన అంకె. లాటరీ తగిలినట్టు నవ్వుకుంది.

ఆ రోజుల్లో ఆమెకి అన్నీ నవ్వుల్లాగే ఉండేవి. కొత్త నల్లపూసలు లాప్‌టాప్ అంచుకి తగిలి చిన్నగా మోగితే సరదా. గదిలో "భాస్కర్" అని పిలిచే మనిషిని గుమ్మం దాటగానే "ఏవండీ" అనడం సరదా. అమలాపురంలో వాళ్ళ వీధి వసారాలో బల్ల వేసుకుని పనికి కూర్చుంటే, కొబ్బరాకుల నీడ ప్లాను కాయితం మీద పడి, తను గీయని గీతలు నాలుగు గీసి పోతుంటే అదీ సరదాయే.

శ్రీకళ ఆర్కిటెక్టు. కాకినాడలో ఓ ఆఫీసులో పని. పెళ్ళయ్యాక ఇంటినుంచే చెయ్యమని పెద్దసారు ఒప్పుకుని, తొలిసారి ఓ కట్టడం మొత్తం ఆమె చేతికే అప్పగించారు. అది ఈ ఊరి కాలేజీలో నర్సింగు, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులకి కట్టబోయే కొత్త బిల్డింగు. మామగారు ముప్ఫై ఏళ్ళు సంస్కృతం చెప్పి రిటైరయిన కాలేజీ అదే. ఉదయభాస్కర్ ఇప్పుడు ఫిజిక్సు చెబుతున్నదీ అక్కడే. గోదావరి పొంగినా గుమ్మం తడవనంత ఎత్తు పునాది, స్ట్రెచరు తిరిగేటంత వెడల్పు వసారాలు, ప్రాక్టికల్ గదిలో వరసగా చేతులు కడుక్కునే సింకులు పన్నెండు. సింకు ఎత్తు దగ్గరికి వచ్చేసరికి ఆమె చెయ్యి ఒక్క క్షణం ఆగింది. పుస్తకంలో ఉన్న అంకె ఏదో ఉంది. కానీ తన వంటింటి గట్టు ఎంత హాయిగా ఉందీ! ముప్ఫై ఏడు అని వేసేసింది. కాలేజీ కమిటీవారు ఆ ప్లాను చూసి బాగుందన్నారు కూడా.

పని ఇంటినుంచి కదా, ఆ పనికి తలుపులుండవు. "ఇంట్లోనే ఉన్నావుగా కళా, గ్యాసు బండ వస్తే తీసుకో" అనేవాడు భాస్కర్, చెంప మీద చిటికె వేసి. "కాయితం మీద గీతలేగా అమ్మా, కాస్త కాఫీ పెట్టి గీసుకో" అనేవారు మామగారు, ఎంతో ప్రేమగా. ఎవరో చుట్టాలావిడ వచ్చి "ఏం చేస్తోంది మీ కోడలు?" అంటే "ఇంట్లోనే ఖాళీగా ఉండకుండా ఏవో బొమ్మలు వేస్తోందిలెండి" అన్నారు ఆయనే. కాకినాడ వాళ్ళతో వీడియోలో మాట్లాడుతూ, బల్ల కింద ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని చిక్కుడుకాయలు ఒలిచింది శ్రీకళ. అదీ సరదాగానే ఉంది, మొదటి నెల.

అత్తగారు సూర్యకుమారి గట్టు దగ్గర పీట మీద నిలబడి వంట చేసేవారు. అయిదడుగులకి రెండంగుళాలు తక్కువ మనిషి. జానెడు ఎత్తు పనసకర్ర పీట. కూర కలపడానికి ఎక్కాలి, పంపు దగ్గరికి దిగాలి, పోపుకి ఎక్కాలి, ఫ్రిజ్జుకి దిగాలి. మొదట్లో అది చిన్నపిల్ల గెంతులా ముద్దొచ్చింది శ్రీకళకి. ఓ ఆదివారం ఊరికే లెక్కపెట్టింది. పప్పు, వంకాయ, చారు అయ్యేసరికి అరవై మూడుసార్లు.

"ఈ పీట ఎప్పటినుంచండీ అత్తయ్యగారూ?"

"గృహప్రవేశం నుంచేనమ్మా. భాస్కర్‌కి రెండో ఏడు. ఎత్తెంత కట్టమంటారండీ అని అడిగేడు మేస్త్రి లోవరాజు. మీ మామయ్యగారు వచ్చి నిలబడి, నడుం దగ్గర చెయ్యి పెట్టి, ఇక్కడికి అన్నారు."

"మీరెక్కడున్నారు అప్పుడు?"

"కూలివాళ్ళకి మజ్జిగ కలుపుతున్నాను."

"చెప్పలేదా మరి?"

"గచ్చు ఆరకముందే చెప్పేను. పీట వేసుకుంటే పోదూ, అన్నేరు."

"మామయ్యగారు ఎప్పుడైనా ఈ గట్టు దగ్గర వంట చేసేరా?"

ఆవిడ ఎంత నవ్వారంటే గరిటె కింద పెట్టాల్సొచ్చింది. "ఆయన మంచినీళ్ళు ముంచుకు తాగడమే నేను చూళ్ళేదు, వంటా!"

ఆ సాయంత్రమే ఆవిడ మోకాళ్ళకి మందు రాసుకుంటూ వసారాలోకి వచ్చి, బల్ల మీద ప్లాను వంగి చూశారు. గోడని నిలువునా కోసి చూపించే బొమ్మ అది. సింకు పక్కన ఓ మనిషి ఆకారం నల్లగా నిలబడి ఉంది.

"ఈ అబ్బాయెవరమ్మా?"

"ఎవరూ కాదండీ. ఎత్తు తెలియడానికి కంప్యూటర్లో ఉన్న బొమ్మ ఒకటి పెడతాం."

"మీ మామయ్యగారంత ఉన్నాడు." ఆవిడ వేలితో సింకు అంచుని తడిమారు. "ఇందులో చదువుకునేది ఆడపిల్లలని కదూ అన్నావు? మరి వాళ్ళకి పీటలెక్కడ వేసేవు?"

శ్రీకళ ప్లాను మీదికి వంగింది. నల్లపూసలు లాప్‌టాప్ అంచుకి తగిలి మోగాయి. ఈసారి నవ్వు రాలేదు. మూడో రోజు కాఫీ గ్లాసు అందుకుంటూ మామగారు ఇచ్చిన మెప్పుదల కళ్ళముందు నిలబడింది. ఆ మెప్పుదలనే ఆమె కొలిచి, అంకె చేసి, పన్నెండు సింకులకి పంచిపెట్టింది. ఇల్లు కట్టిన మగవాడు ఆడమనిషిని అడగలేదు, సరే. తను ఆడదై ఉండి ఎవర్ని అడిగింది? తనకి అమరితే చాలనుకుంది. తనకెందుకు అమరింది? తను దాదాపు మామగారంత పొడుగు కాబట్టి.

మర్నాడు కాలేజీకి వెళ్ళింది. నర్సింగు పిల్లలు పాత భవనంలో ఓ గదిలో సర్దుకుంటున్నారు. అక్కడి సింకులూ ఎత్తే. సువర్ణ అనే పిల్ల, ఓడలరేవునుంచి రోజూ బస్సులో వస్తుందట, ఆపరేషన్‌కి ముందు కడిగినట్టు చేతులు కడిగి చూపించింది. వేళ్ళు పైకి, మోచేతులు కిందికి ఉండాలి. నీళ్ళు వేళ్ళమీంచి మోచేతులకి జారాలి. ఆ పిల్ల మోచెయ్యి సింకు అంచుకి తగిలింది.

"తగిలితే ఏమవుతుంది?"

"మళ్ళీ మొదట్నుంచండి. అంచు తగిల్తే చేతులు మైలపడ్డట్టే కదండి. మేం ఇటుకలేసుకుని నిలబడేవోళ్ళమండి. పరీక్షకొచ్చిన సారు, ఆపరేషన్ థియేటర్లో ఇటుకలుంటాయా అమ్మా అని తీయించేసేరండి. నాకు నాలుగు సార్లు తగిలిందండి. ఆ పరీక్ష పోయిందండి."

"కొత్త బిల్డింగులో సింకులు బావుంటాయని చెప్పేరా మీకు?"

"ఆయ్! ప్లాను బొమ్మ చూపించేరండి. చాలా బాగున్నాయండి," అంది సువర్ణ మెరిసే కళ్ళతో.

ఆ కళ్ళని చూడలేక శ్రీకళ టేపు తీసింది. ముప్ఫై నలుగురు పిల్లల్ని నిలబెట్టి నేలనుంచి మోచెయ్యిదాకా కొలిచింది. పిల్లలు లంగాఓణీకి కొలతలిస్తున్నట్టు ఒకర్నొకరు తోసుకుంటూ నవ్వారు. ఇంటికొచ్చి ఎనిమిది సింకుల్ని ముప్ఫై ఒకటికి దించింది. నాలుగింటిని పొడుగు పిల్లలకి ఉంచింది. ఆ నల్లబొమ్మని తీసేసి, సువర్ణ ఎత్తులో జడేసుకున్న పిల్లని గీసింది.

భోజనాల దగ్గర చెబితే మామగారు చెయ్యి కడిగేసుకున్నారు. "ఒప్పుకున్న ప్లాను మారుస్తావా? కమిటీలో వాళ్ళంతా నేనెరిగున్నవాళ్ళు. మూర్తి మాస్టారి కోడలికి పని రాదనుకోరూ? సరే, మార్చావు కాబట్టి బుధవారం కమిటీ మీటింగుకి భాస్కర్ వెళ్ళి నెమ్మదిగా చెబుతాడు. నువ్వు ప్లాను పట్టుకుని ఐనవిల్లి వెళ్ళి వినాయకుడి పాదాల దగ్గర పెట్టించుకు రా. శుభం."

"నేను చెప్తాలే కళా, నువ్వు ఓ కాయితం మీద రాసియ్యి," అన్నాడు భాస్కర్ గదిలో, ఎంతో తియ్యగా.

"మోచెయ్యి తగలడం అంటే ఏవిటో వాళ్ళడిగితే ఏం చెప్తావు?"

భాస్కర్ తన మోచెయ్యి వంక చూసుకున్నాడు. "నిజమే, తెలీదు," అన్నాడు. అతనిలో ఆమెకి నచ్చేది అదే, తెలీనప్పుడు తెలీదనడం. "నాన్నగారేమంటారో..."

"ఐనవిల్లి వెళ్ళమన్నారు. వెళ్తాను. మీటింగుకి వెళ్ళొద్దని అనలేదుగా."

బుధవారం పొద్దున్నే స్నానం చేసి వంటింట్లోకి వెళ్ళింది. "అత్తయ్యగారూ, ఇవాళ మీ పీట నాకు కావాలి."

ఆవిడ ఎందుకని అడగలేదు. "మధ్యాహ్నానిక్కూడా వంట అయిపోయింది," అని పీట దిగారు. దాన్ని పంపు కింద పెట్టి, పీచుతో తోమి, పమిట కొంగుతో తుడిచి ఇచ్చారు. తడిలో చూస్తే తెలిసింది. పీట మీద రెండు పాదాల మేర, కర్ర నున్నగా గుంటలు పడి ఉంది.

వినాయకుడికి ప్లానుతోపాటు పీటనీ చూపించింది. పూజారి చిత్రంగా చూసి, రెండిటిమీదా అక్షింతలు వేశారు. పదకొండింటికి కాలేజీలో కమిటీవారి ముందు ఉంది.

"మాస్టారి కోడలా, రామ్మా. భాస్కర్ రాలేదే?" అన్నారు కరస్పాండెంటు సూర్యప్రకాశరావు.

"ఆయనకి క్లాసుందండీ. ప్లాను నాది కదండీ." కొత్త ప్లాను ఆయన ముందు పరిచింది. "సింకుల ఎత్తు తప్పు వేశానండీ. పిల్లల్ని కొలవకుండా వేశాను. ఇప్పుడు కొలిచాను."

"ఇంత చిన్నదానికి ప్లాను మార్చడమెందుకమ్మా? తలా ఓ స్టూలు వేస్తే పోదూ?"

శ్రీకళ సంచిలోంచి పీట తీసి, ఆయన ముందు బల్ల మీద పెట్టింది.

"ఇది మా అత్తగారిదండీ. ఇరవై ఏడేళ్ళకిందట ఇలాగే, వేసుకుంటే పోదూ అన్నారటండీ. ఒక్కసారి చెయ్యి పెట్టి చూడండి."

ఆయన మొహమాటంగా వేళ్ళు ఆనించారు. ఆ గుంటలో ఆయన అరచెయ్యి మొత్తం అమరింది. ఆయన చెయ్యి తియ్యకుండానే, "మా ఆవిడ ఇటుకల మీద చెక్క వేసుకుంటుంది," అన్నారు, ఎవరితోనూ కాదన్నట్టు. తర్వాత కలం తీసి కొత్త ప్లాను మీద సంతకం పెట్టారు.

"పీట తీసుకెళ్ళమ్మా."

ఆమె గుమ్మం దగ్గర ఆగింది. పట్టుకెళ్ళడం ఎంతసేపు? సంచిలో వేసుకుంటే సరి. సాయంత్రం కాఫీ వేళకి మళ్ళీ గట్టు కింద ఉంటుంది. "ఇక్కడే ఉండనివ్వండి సార్. సింకులు పెట్టే మేస్త్రి చూడాలి," అంది.

నాలుగింటికి వసారాలో ఆమె కాకినాడకి ప్లాను పంపుతోంది. అత్తగారు పక్క కుర్చీలో కూర్చుని, తెరమీద జడేసుకున్న పిల్లని చూస్తున్నారు.

"కుమారీ, కాఫీ!" లోపలినుంచి మామగారు.

"పీట లేదండీ."

"అయితే కళని పెట్టమనవోయ్. దానికి పీటతో పనేముంది?"

నెల రోజులుగా ఆ మాటకి ఆమె కాళ్ళు వాటంతటవే లేచేవి. ఇప్పుడూ మడమలు కదిలాయి. వాటిని నేలకి ఆనించి పెట్టింది.

"నాకు అయిదింటిదాకా పనుందండీ మామయ్యగారూ," అంది, మామూలుగానే.

"పోనీ పక్కింటివాళ్ళ పీట తెచ్చుకోవోయ్!"

సూర్యకుమారి గారు కుర్చీలో మరింత వెనక్కి జారగిలబడి, మోకాళ్ళు చాపుకున్నారు. ఆవిడ గొంతులో కోపం లేదు. వేళకి గుర్తొచ్చిన సంగతి ఒకటి చెబుతున్నట్టుంది.

"పీటెందుకండీ? అది మీ కొలతకి కట్టించిన గట్టు. మీకు సరిగ్గా సరిపోతుంది."