మస్తాన్‌వలీ బలమూ, బకెట్టు బలమూ

నేను ఒక తోపుడు బండిని. నాలుగు సైకిలు చక్రాలు, పైన ఓ చెక్క బల్ల, అంతే నా ఒళ్ళు. చీరాలలో ఓ వడ్రంగి చేతిలో పుట్టా. మొదట బజ్జీలాయన కొన్నాడు, నూనె తాగించి తాగించి నల్లగా చేశాడు. తర్వాత ఇస్త్రీ ఆయన వీపంతా కాల్చాడు. ఇప్పుడు మస్తాన్‌వలీ పుచ్చకాయలు మోస్తున్నా, హైస్కూలు గేటు ముందు. నా చదువంటారా? గేటు దాకా వినపడినంతే. మిగతా సగం గాలికి పోద్ది.

మొన్న సైన్సు మేడం హైమావతి మస్తాన్‌ని బతిమాలి, నన్ను ర్యాంపు మీదుగా బడి వరండాలోకి ఎక్కించింది. టెన్త్ పిల్లలకి లెక్క చూపించాలంట. బలం అంటే ద్రవ్యరాశి ఇంటూ త్వరణం. అంటే తోసే బలం అంతే ఉండి సరుకు పెరిగితే, నేను జోరందుకోడం తగ్గాలి. హెడ్మాస్టరు కుర్చీ వేయించుకుని మరీ కూర్చున్నాడు.

"ఇది కుదర్లేదనుకోండి మేడం, ఇక ఈ ఆటలు బంద్. పాఠం బోర్డు మీదే. ఆ బండి కూడా గేటు దగ్గర కనపడకూడదు."

మస్తాన్ మొహంలో నెత్తురు లేదు. బేరమంతా ఆ గేటు దగ్గరేగా మరి.

ముందు నన్ను ఖాళీగా ఈ గీత నుంచి ఆ గీత దాకా తోశాడు. పిల్లలు టైము చూశారు. తర్వాత కాయలెక్కించారు.

"అన్నా, ఇందాకటి బలమే పెట్టు."

"ఇందాకటిదా? ఇందాక చెయ్యి ఆనించానంతే మేడం. నా బలం మీరింకా చూళ్ళేదు!"

లుంగీ ఎగ్గట్టి, పళ్ళు బిగబట్టి తోశాడు మహానుభావుడు. ఖాళీగా ఉన్నప్పటి కంటే ముందే చేరిపోయా.

"మేడం, కాయలెక్కితే బండికి హుషారొస్తదా?" అని పిల్లలు ఒకటే నవ్వు.

"కాస్త మెల్లగా, అన్నా" అంది మేడం. ఆయనకి రోషమొచ్చింది, చిటికెనవేలుతో తోశాడు. నేను కదిలితేగా!

ఓరి నాయనా, తప్పు నా చక్రాల్లో లేదు, తోసేవాడి మీసంలో ఉంది! ఎంత మొత్తుకున్నా బయటికొచ్చేది కిర్రు కిర్రే. "ఆముదం అడుగుతోంది" అన్నాడు మస్తాన్. పోశారు కూడా! ఉన్న ఆ కాస్త నోరూ పోయింది.

హెడ్మాస్టరు కుర్చీలోంచి లేచాడు.

మేడం మస్తాన్ మీసం వంకే చూస్తా నిలబడింది. ఉన్నట్టుండి బావి గిలక తెప్పించి వరండా అంచుకి కట్టించింది. దాని మీదుగా వేసిన తాడు ఒక కొస నాకు, ఇంకో కొస అంచు బయట వేలాడే నీళ్ళ బకెట్టుకి. బకెట్టు కిందికి జారితే నేను ముందుకి. ఖాళీగా ఉంటే చెంగున దూకా. కాయలతో బద్ధకంగా కదిలా. ఎన్నిసార్లు లాగినా అంతే. బకెట్టుని ఎవడు రెచ్చగొట్టగలడు?

"ఊఁ. రేపు నైన్త్ వాళ్ళకీ చూపించండి. బండి ఉండనీండి" అన్నాడు హెడ్మాస్టరు.

అందరికీ ఊపిరొచ్చింది, మస్తాన్‌కి తప్ప. బకెట్టు దగ్గరికెళ్ళి లోపలికి తొంగి చూశాడు.

"మేడం, ఇందులో ఎన్ని నీళ్ళు పోస్తే నా అంత అవుద్ది?"

మేడం నవ్వలేదు. చాక్‌పీసు తీసుకుని, "తోసి చూపించు, లెక్కేద్దాం" అంది.

ఆయన మళ్ళీ లుంగీ ఎగ్గట్టాడు.