కొత్త నీళ్లు

"బియ్యం గూడ గిన్నిసార్లు కడగవు గదనే," అంది మా అత్తమ్మ సుమిత్రమ్మ, వెనక వాకిట్లో నేను బకెట్లో రంగురాళ్లు కడుగుతుంటే. నిజమే, కడగను. బియ్యం రెండు నీళ్లకే తేటపడతాయి. అక్వేరియం అడుగున పరిచే ఈ రాళ్లు ఎన్ని బకెట్లు ఒంపినా బురద వదులుతూనే ఉన్నాయి. వంగినప్పుడల్లా పొత్తికడుపులో మెలిపెట్టినట్టు నొప్పి. లేచి, గోడకు ఆనుకుని, మళ్లీ వంగాను. హాల్లో మా ఆయన కరుణాకర్ ఎవరికో ఫోన్‌లో చెబుతున్నాడు, ఇంట్లో అక్వేరియం పెట్టిస్తున్నానని. ఆయన ఇల్లు కట్టిస్తాడు, దావత్‌లు ఇప్పిస్తాడు, ఇప్పుడు చేపల్ని పెట్టిస్తున్నాడు. నడుము పడిపోయేది మాత్రం ఇంకొకరిది.

ఇదంతా వాస్తు చూసే ఆయన పుణ్యం. ఈశాన్యం మూల నీళ్లు కదులుతుండాలి, ఎనిమిది బంగారు రంగు చేపలు, ఒక నల్లది ఉంటే కౌన్సిలర్ టికెట్ నడుచుకుంటూ ఇంటికొస్తుందని చెప్పాడట. ఆదివారం పార్టీ పెద్దలు సిద్దిపేటలోని మా ఇంటికి భోజనానికి వస్తున్నారు. ఆలోపు చేపలు ఈదాలి. నేను ప్రైవేటు స్కూల్లో జీవశాస్త్రం చెబుతాను కాబట్టి ఆ పనీ నాదే అయింది. నీకు తెలిసిన పనే కదా అన్నాడు కరుణాకర్.

తెలిసిన పనే. అందుకే నోరు విప్పాను. కొత్త తొట్టిలో నీళ్లు పోయగానే చేపల్ని వేయకూడదు, ఫిల్టర్ నడుపుతూ ఓ నెల ఆగాలి, చేపల మలినాన్ని విరగ్గొట్టే సూక్ష్మజీవులు రాళ్ల మీదా స్పాంజి మీదా అప్పటికి గానీ పెరగవు, అవి లేకపోతే కంటికి తేటగా కనబడే నీళ్లే విషమవుతాయి అని చెప్పాను. ముందు రెండే వేద్దాం, అవి కుదురుకున్నాక మిగతావి తెద్దాం అన్నాను. ఆయన నవ్వాడు. "చెర్ల చేపలకు ఎవడు నేర్పిండు నీళ్లల్ల బతుకుడు?" అన్నాడు. అంత పెద్ద అద్దాల పెట్టెలో ఉత్త నీళ్లు పెట్టుకుని కూర్చుంటే వచ్చినవాళ్లు ఏమనుకుంటారని అత్తమ్మ అడిగింది. ఆయన గోల్డ్‌ఫిష్ తెస్తానన్నాడు. అవి చల్లని నీళ్ల చేపలు, మన తొట్టిలో హీటరుంది, వెచ్చని నీళ్లలో బతికే మాలీ చేపలు తెద్దాం, వాటిలోనూ బంగారు రంగువి, నల్లవి దొరుకుతాయి, పైగా మొండివి అని బతిమాలాను. సరేనన్నాడు. ఆ ఇంట్లో నా మాట నెగ్గింది ఆ ఒక్క చేప జాతి విషయంలోనే.

నా ఒంటి సంగతిలో నెగ్గలేదు. నెలల తరబడి రక్తం పోతోంది. డాక్టరమ్మ స్కాన్ చూసి, గర్భసంచిలో గడ్డ ఉంది, ముక్క తీసి పరీక్షకు పంపాలి, ఆలస్యం చేయకుండా ఎవరినైనా తోడు తీసుకుని రమ్మంది. ఇంటికొచ్చి చెబితే బతుకమ్మ పండుగ పోనీ అన్నారు. తర్వాత ప్లాటు రిజిస్ట్రేషన్ కానీ అన్నారు. ఇప్పుడు ఆదివారం పోనీ అంటున్నారు. అత్తమ్మ దగ్గరైతే దేనికైనా ఒకటే జవాబు. "విజయరాణి గంత జరంతోని స్లాబోళ్లకు వండి పెట్టింది. కిమ్మనలే."

విజయరాణి మా ఆయన మొదటి భార్య. ఈ ఇంటికి స్లాబు పోసిన రోజు కూలీలందరికీ మటన్ దావత్ పెట్టారు. ఒళ్లు కాలిపోతుంటే ఆమే వండింది, ఆమే వడ్డించింది. వారం తిరగకముందే దవాఖానలో పోయింది. డెంగీ అట. అత్తమ్మ దీన్ని పొగడ్తగా చెబుతుంది. కోడలంటే అట్లా ఉండాలని నాకు నేర్పడానికి చెబుతుంది.

శనివారం స్కూలు నుంచి వచ్చేసరికి చేపలు అమ్మే మహమూద్ హాల్లో ఉన్నాడు. మొత్తం తొమ్మిదీ తెచ్చేశారు. "మేడమ్ చెప్పింది సహీ ఉంది సార్, జర ఆగితే మంచిగుండు," అన్నాడు మహమూద్, అంటూనే కవరు ముడి విప్పాడు. అత్తమ్మ పూజగదిలోంచి కొమురవెల్లి మల్లన్న బండారి తెచ్చి, ఆ పసుపు చిటికెడు నీళ్లలో చల్లింది. దేవుడి బండారి పడ్డ నీళ్లకు ఇంకే దోషమూ ఉండదంది. నువ్వు పోయి రేపటి మటన్ సంగతి చూడు అన్నాడు కరుణాకర్.

ఆదివారం వచ్చినవాళ్లందరూ అక్వేరియాన్ని మెచ్చుకున్నారు. ఒక పెద్దమనిషి పిడికెడు మిక్చర్ నలిపి నీళ్లలో వేశాడు. అందరూ నవ్వారు, కరుణాకర్ అందరికంటే గట్టిగా నవ్వాడు. సాయంత్రానికి చేపలన్నీ పైకి చేరి నోళ్లు తెరుస్తున్నాయి. కొన్ని నీళ్లయినా మార్చాలని బకెట్ పట్టుకుని వెళ్తే, ఇంతమందిలో ఇదేమిటన్నట్టు ఆయన కళ్లతోనే ఆపాడు. వంటింట్లోకి వచ్చి గిన్నెలు తోముతూ ఏడ్చాను. చేపల కోసమే ఏడుస్తున్నాననుకున్నాను.

మంగళవారం పొద్దున బంగారు రంగువి చాలావరకు వెల్లకిలా తేలాయి. వాటిని జల్లెడతో తీస్తూ తిట్ల కోసం ఎదురుచూశాను. చదువుకున్నదానివి, చేపల్ని కూడా సాకలేకపోయావా అంటారనుకున్నాను. ఎవరూ అనలేదు. అత్తమ్మ తొట్టికి దండం పెట్టింది.

"పోనీ తియ్యి. ఇంటి మీదికొచ్చింది అవి తీసుకపోయినయ్. కొత్తయి తెచ్చేస్తే అయిపాయె."

దిష్టి పోయిందని కరుణాకర్ కూడా సంతోషించాడు. సాయంత్రానికల్లా ఇంకో ఎనిమిది తెమ్మని మహమూద్‌కు ఫోన్ చేశాడు. ఆదివారం అయిపోయింది కదా, దవాఖానకు పోదామా అని అడిగాను. ముందు చేపల పని కానీ అని బండి తీసుకుని వెళ్లిపోయాడు.

జల్లెడ పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. అత్తమ్మ అన్న ఆ మాట నేను మునుపే విన్నాను. తొగుటలో, మా పుట్టింట్లో, నా పెళ్లిచూపులప్పుడు. మొదటామె ఎట్లా పోయిందని మా అమ్మ భయపడుతూ అడిగితే, అత్తమ్మ అమ్మ చెయ్యి పట్టుకుని చెప్పింది. ఇంటి మీదికొచ్చింది ఆమె తీసుకపోయింది, మీ పిల్లకింక ఏం భయం లేదు అని. ఎంత మంచి మనిషో అనుకున్నాను అప్పుడు. విజయరాణి సంవత్సరీకం కూడా కాకముందే నన్ను తెచ్చుకున్నారు.

నల్లదీ, ఒక బంగారు రంగుదీ ఇంకా కొట్టుకుంటున్నాయి. వాటిని మూత ఉన్న బకెట్లోకి తీసుకున్నాను. మా స్కూల్ ల్యాబ్‌లో పాత తొట్టి ఉంది, ఆ నీళ్లు ఏళ్ల కిందటే కుదురుకున్నాయి. నాతో పాటు పాఠాలు చెప్పే సంగీత మేడమ్‌కు ఫోన్ చేసి దవాఖానకు తోడు వస్తావా అని అడిగితే, ఎందుకని కూడా అడగకుండా వస్తానంది. స్కాన్ కవరు సంచిలో పెట్టుకున్నాను.

గడప దగ్గర అత్తమ్మ ఎదురైంది. చేపల్ని స్కూల్లో వదిలి దవాఖానకు పోతున్నానని, డాక్టరమ్మ ఉండమంటే అక్కడే ఉంటానని చెప్పాను. ఆమె బకెట్ వైపు చూసింది, నా వైపు చూడలేదు.

"మరి పొద్దుమీకి కొత్త చేపలొస్తే ఎవలు జూస్తరు? బువ్వెవలు వండుతరు?"

చెప్పులు వేసుకున్నాను.

"చేపలను ఎన్నన్న తెచ్చుకోండ్రి, అత్తమ్మా. నా జాగల ఇంకోదాన్ని తెచ్చుకునే పని మాత్రం మీకు పడనియ్య."