సీసం బిళ్ళ

కొత్త టైరు వేయించినప్పటి నుంచి సునంద బండి స్పీడందుకుంటే చాలు, హ్యాండిల్ వణుకుతోంది. ఎమ్మిగనూరులో తాను నేసిన చీరల్ని ఆ బండి మీదే ఆదోని అంగళ్లకు చేరవేస్తుందామె. ఎందుకు వణుకుతోందో తెలిసేదాకా ఆమెకు ముద్ద దిగేట్టు లేదు.

ఆదోనిలో మెకానిక్ జహంగీర్ ముందుచక్రం విప్పి, దాని ఇరుసును రెండు స్టాండ్ల మీద ఆనించి, మెల్లగా తిప్పి వదిలాడు. చక్రం అటూ ఇటూ ఊగి నిలిచింది.

“కిందికొచ్చిందే బరువైన పక్క. దానికెదురుగా పైన సీసం బిళ్ళ అతికిస్తే రెండూ సమానమైతాయక్కా.”

“ఉండన్నా, ఇంకోసారి తిప్పు.”

తిప్పాడు. మళ్ళీ అదే చోటు కిందికొచ్చింది. సునంద వంగి చూసింది. అక్కడ రిమ్ముకు మట్టి పట్టిన పాత బిళ్ళ ఒకటి అతుక్కొని ఉంది.

“ఇది యాడిదన్నా?”

జహంగీర్ గడ్డం గోక్కున్నాడు. “పాత టైరుకని నేనే పెట్టినా. టైరు మార్చినప్పుడు తీయాల్సింది, మరిచిపోయినా.”

“అయితే దీని బరువు సరిచేసేదానికి ఇంకోటి పెడతాండావా?”

అతడు పాత బిళ్ళ పెరికి, చక్రం రెండుమూడుసార్లు తిప్పాడు. ఈసారి అది తిప్పినప్పుడల్లా ఒక్కో చోట ఆగింది. ఏ పక్కా కిందికి దిగాలని మొండికేయలేదు.

బిళ్ళను చెత్తలో వేయబోతుంటే సునంద చెయ్యి చాపింది.

“ఇట్లియ్యన్నా. మగ్గం మీద అంచుపోగులు వదులైతాండాయి. దీన్ని వాటికి కట్టి వేలాడదీస్తే బిగుసుకుంటాయి.”

“ఇన్నాళ్ళూ నీ బండిని వణికించింది ఇదేనక్కా.”

“బిళ్ళకేం తెలుసు,” అంది సునంద గుప్పిట మూస్తూ. “దాన్ని ఆడ పెట్టి మరిచిపోయినోడు వణికించినాడు.”