ఒక తువ్వాలు ఎక్కువ

"ఆపెయ్యండి" అన్నాడు ఫోనులో డీన్.

"ఒప్పెయ్యమంటారా? అలాగే సార్" అన్నాడు భద్రం బాబాయ్, ఫోనును భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని తువ్వాళ్లు మడతపెడుతూ.

"ఒప్పెయ్యడం కాదయ్యా. పిల్లల క్వారీ ఈత ఆపెయ్యమంటున్నా."

"అదే సార్. ఎప్పుడో ఒప్పేశాను. సంతకం కూడా పెట్టేశాను."

అవతల ఒక నిట్టూర్పు, ఆ తరువాత ఫోను పెట్టేసిన చప్పుడు. మంచం మీద కూర్చుని తువ్వాళ్ల కొసలు సరిచేస్తున్న భార్య తలెత్తకుండానే అడిగింది. "ఇవాళ ఏ చెవి చెడిందండీ?"

"ఫోను ఏ వైపుంటే ఆ చెవి."

నిజంగా చెడినది కుడిచెవి ఒక్కటే. ఎడమచెవికి చీమ చిటుక్కుమన్నా వినబడుతుంది. డీన్‌తో మాట్లాడేది ఎప్పుడూ ఎడమచెవితోనే.

భద్రం ఆయన పేరు కాదు. విశ్వవిద్యాలయంలో విద్యార్థుల కార్యక్రమాలకు భద్రతా విభాగం ఆయనది. విభాగమంటే పెద్దదేమీ కాదు. ఒక గది, ఒక బీరువా, ఒక బట్టతల. నాటకాల వాళ్లు వేదిక కట్టినా, కొండలెక్కేవాళ్లు తాళ్లు కొన్నా ముందుగా ఆ గదికి రావాలి. వాళ్లకు ఒప్పుగా కనబడినదానిలో ముప్పు వెతకడం ఆయన ఉద్యోగం. వెతికి, సరిచేయించి, "భద్రం బాబూ, భద్రం తల్లీ" అని సాగనంపేవాడు. ఆ ఊతపదమే పేరై కూర్చుంది. బాబాయ్‌కి ఈత రాదు గాని ఊత వచ్చు అని ఈత సంఘం పిల్లలు నవ్వుకునేవారు. అందులో అబద్ధమేమీ లేదు. ఆయన మోకాలి లోతు దాటి నీళ్లలోకి దిగి ఎరుగడు. ఇంట్లో బకెట్టు కూడా సగమే నింపుకునేవాడు.

ఈతకు ఆయన పద్ధతి ఒకటే. ఎవరి తువ్వాలు వారు తెచ్చుకోకూడదు. దిగేవాళ్లు ఎంతమందో అన్ని తువ్వాళ్లు ఆయన సంచిలో ఉంటాయి. గట్టున మడతకుర్చీ వేసుకుని, పైకొచ్చిన ప్రతి మనిషికీ తన చేత్తో ఒకటి ఇస్తాడు. సంఘంలో చేరిన రోజే అందరికీ చెప్పేవాడు: "నీళ్లలో తలలన్నీ ఒకేలా ఉంటాయి, లెక్క తప్పుతుంది. తువ్వాలు తప్పదు. ఒకటి మిగిలిందంటే ఒకరు మిగిలినట్టే."

భార్య సంచిలో అన్నిటికంటే ముందు, అడుగున, రంగు వెలిసిన నీలం తువ్వాలు పెట్టింది. అది ఎవరికీ ఇచ్చేది కాదు. తక్కినవాటితో పాటు దాన్నీ ఉతుకుతుంది, ఆరేస్తుంది, మడతపెడుతుంది. ఇన్నేళ్లలో దానికి ఉతుకు తడి తప్ప ఒంటి తడి తెలియదు.

"మీ మొహం అలా ఉందేం?"

"ఎలా ఉంది?"

"ఉతికి పిండినట్టుంది."

"అయితే ఆరెయ్యి" అని, సంచిని ఎడమచేతి నుంచి కుడిచేతికి మార్చుకుని, మెట్ల మీద రెండుసార్లు ఆగి, వెళ్లాడు.

ఈత సంఘం కెప్టెన్ పొడుగాటి అమ్మాయి. జుట్టు ఎప్పుడూ సగం తడిగానే ఉంటుంది. పోయిన నెల ఆయన గదికొచ్చి నిలబడింది. "బాబాయ్, మన కొలను మరమ్మతు అయ్యేసరికి పోటీలు అయిపోతాయి. నీళ్లు నిండిన ఆ పాత రాళ్ల క్వారీలో సాధన చేస్తాం."

ఆయన చేతిలోని కలానికి మూత పెట్టాడు. "వద్దంటే?"

"వద్దంటే మానేస్తామని కాదు బాబాయ్. మీకు చెప్పం, అంతే."

ఆ పిల్ల నవ్వుతూనే అంది. ఆయన నవ్వలేదు. ఆ మాట ఎవరైనా చాలా ఏళ్ల ముందే చెప్పి ఉంటే బాగుండేది.

అప్పుడూ ఇదే క్వారీ. వేరే జట్టు పిల్లలు వచ్చి అనుమతి అడిగారు. ఆయన నిబంధన చూపించాడు, కాగితం మీద అడ్డంగా గీత గీశాడు, ఇంటికెళ్లి తృప్తిగా భోజనం చేశాడు. అనుమతి లేకపోతే ఈత లేదనుకున్నాడు. కాగితం మీద గీసిన గీత నీళ్ల మీద పడదని తట్టలేదు. వాళ్లు ఎవరికీ చెప్పకుండా వెళ్లారు. తాడు లేదు, పడవ లేదు, గట్టున మనిషి లేడు. బట్టలు వేసుకుని సగం దారి వెనక్కి వచ్చాక గాని తమలో ఒక కుర్రాడు లేడని చూసుకోలేదు.

మర్నాడు ఇదే డీన్ ఆయన భుజం తట్టాడు. "మీరు కాదన్నారు కాబట్టి బతికిపోయాం" అన్నాడు.

బతికిపోవడంలో బతకడం ఉంది, పోవడమూ ఉంది. ఎవరి వంతుకు ఏది వచ్చిందో ఆలోచిస్తూ ఆయన ఆ రాత్రి పడుకోలేదు.

ఆ తరువాత ఎవరినీ కాదనలేదు. ఒప్పుకున్నాడు, జాగ్రత్తలన్నీ చేయించాడు, వెంట వెళ్లి కూర్చున్నాడు. ఆ ఏడాదే కుడిచెవి పోయింది. వయసు అన్నాడు వైద్యుడు. కాని ఏ గట్టు మీదైనా సరే, అందరూ పైకొచ్చి నీళ్లు అద్దంలా నిలిచాక, ఆ చచ్చిన చెవిలోనే వినబడేది, ఎవరో ఇంకా చేతులు వేస్తూ ఈదుతున్న చప్పుడు. పిల్లలు బట్టలు మార్చుకోవడానికి వెళ్లగానే ఆయన నీలం తువ్వాలు తీసి ఒడిలో పెట్టుకుని కూర్చునేవాడు. చప్పుడు ఆగాక మళ్లీ సంచి అడుగున దాచేవాడు. ఈ సంగతి తెలిసినది భార్యకు ఒక్కతెకే.

క్వారీకి మూడు వైపులా నిలువునా కోసిన రాతిగోడలు, నాలుగోవైపు వాలు. నీళ్లు గాజుసీసా రంగులో కదలకుండా ఉన్నాయి. వారం పాటు ఆయన, ఈత మాస్టరు కలిసి పొడుగాటి కర్రలతో అడుగంతా తడిమి, రాళ్లున్న చోటల్లా ఎర్రడబ్బాలు తేల్చి, అడ్డంగా తాడు కట్టారు. ఇప్పుడు మాస్టరు పడవలో ఉన్నాడు. పిల్లలు పసుపు టోపీలు పెట్టుకున్నారు.

"మీరూ దిగండి బాబాయ్" అన్నాడు ఒకడు.

"నేను దిగితే నీళ్లు గట్టెక్కుతాయిరా. మీరు గట్టెక్కండి, చాలు."

పసుపు టోపీలు అవతలి గోడ దాకా వెళ్లి వస్తున్నాయి. ఆయన కళ్లు వాటి మీదే ఉన్నాయి, అరచెయ్యి మాత్రం చొక్కా లోపల రొమ్ము రుద్దుకుంటూ ఉంది. ఎండ గోడ మీదికి పాకేసరికి ఒక్కొక్కరే పైకొచ్చారు. తువ్వాలు, భద్రం. తువ్వాలు, భద్రం. అందరికంటే చివర కెప్టెన్ వచ్చింది.

"అంతేనా బాబాయ్?"

ఆయన ఖాళీ ఒడి చూపించాడు. "అంతే తల్లీ. గెలిచాం పో."

పిల్లలు రాళ్ల చాటుకు వెళ్లారు. కబుర్లు, నవ్వులు, చెప్పులు కనబడటం లేదని ఒకరి గోల. కొత్తగా చేరిన అమ్మాయి టోపీ తిరిగి ఇవ్వడానికి వచ్చి, అక్కడే ఆగిపోయింది.

"బాబాయ్ దగ్గర ఇంకో తువ్వాలు ఉంది" అంది.

రాళ్ల వెనక మాటలు తెగిపోయాయి. అందరూ వచ్చి చూశారు. ఒడిలో నీలం తువ్వాలు, మడత విప్పనిది. ఆయన చూపు నీళ్ల నడుమ. కెప్టెన్ అటే చూసి, వేసుకున్న పొడిబట్టలతోనే దూకింది. మాస్టరు ఒడ్డుకు లాగిన పడవను మళ్లీ తోశాడు. గట్టు మీది వాళ్లు ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకున్నారు. ప్రతి పిలుపుకూ జవాబు వచ్చింది. మళ్లీ పిలుచుకున్నారు. మళ్లీ వచ్చింది.

కెప్టెన్ రొప్పుతూ పైకొచ్చి కుర్చీ ముందు మోకాళ్ల మీద కూలబడింది. "ఎవరు బాబాయ్? అందరం ఉన్నాం. ఎవరు మిగిలారు?"

ఆయన చెయ్యి పట్టుకుని కదిపింది. అది బరువుగా జారి కుర్చీ పక్కకు వేలాడింది.

మాస్టరు ఆయన్ని నేల మీద పడుకోబెట్టి, తన చేతులు సత్తువ ఉడిగేదాకా రొమ్ము నొక్కాడు. అంబులెన్సు తొందరగా వచ్చింది. వచ్చాక ఇక తొందరపడలేదు.

మాస్టరు ఫోను చేస్తే భార్య వచ్చింది. ఆ వెనకే డీన్ కారు వచ్చింది. ఈత ఆపుదామని బయలుదేరినవాడు ఏడుస్తున్న పిల్లలను చూసి, "ఎవరు? ఏ పిల్లవాడు?" అన్నాడు. మాస్టరు చూపించాడు. డీన్ హమ్మయ్యని ఊపిరి పీల్చుకుని, పీల్చుకున్నందుకు తలదించుకున్నాడు.

కెప్టెన్ వణుకుతూ అడిగింది. "పిన్నీ, ఆ తువ్వాలు ఎవరిది? ఎవరో లోపల ఉండిపోయారనుకున్నాం."

ఆవిడ భర్త నుదురు తుడిచి, చుట్టూ నిలబడ్డ అందరినీ ఒకసారి చూసింది. "లేరమ్మా. అది మీ లెక్కలోది కాదు. ఈయన వద్దన్నందుకు చెప్పకుండా వచ్చి, ఇక్కడ పోయిన అబ్బాయి ఒకడున్నాడు. వాడు పైకొస్తే ఒళ్లు తుడుచుకోవాలి కదా అని ప్రతిసారీ ఒకటి ఎక్కువ తెచ్చేవారు. పిచ్చి అనుకోకండి. ఉతికి ఉతికి నాకూ అంటుకుంది."

ఈ మాట ఇంకోలా వినబడ్డట్టు నటించడానికి డీన్‌కు వీలు చిక్కలేదు. ఆయన వెళ్లి నీళ్లవైపు తిరిగి నిలబడ్డాడు.

"నీ తువ్వాలేదీ?" అంది ఆవిడ కెప్టెన్‌తో.

"బాబాయ్ ఇచ్చేశారు. తడిసిపోయింది."

"ఇలా రా. ఎవరో ఉన్నారని మళ్లీ దిగావు గదా. తల వంచు."

నీలం తువ్వాలు దులిపి విప్పి, ఆ పిల్ల తల తుడిచింది. మెడ, భుజాలు, చెవుల వెనక, సొంత బిడ్డకు తుడిచినట్టు తీరిగ్గా తుడిచింది. తరువాత దాన్ని కుర్చీ వీపున వేసి అంబులెన్సు ఎక్కింది.

అందరూ వెళ్లిపోయారు. మడతకుర్చీని ఎవరూ మడవలేదు. దాని మీద నీలం తువ్వాలు, మడతల గీతలు ఇంకా పోలేదు గాని, మొదటిసారి ఒంటి తడితో బరువెక్కి, కొసల నుంచి ఒక్కొక్క చుక్కా రాతి మీదికి వదులుతోంది.